బ్రేక్ వేసిన రెండు సెకన్లలో ఎంత పట్టుకోగలం? రేసు కార్ల హైబ్రిడ్ లెక్క

మీరు అడిగినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను. "రేసు కారు బ్రేక్ వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని పట్టి మళ్లీ వాడతారని అంటారు. మరి ల్యాప్‌కి అంతసేపు బ్రేకులు వేస్తారు కదా, ఆ శక్తి మొత్తం పట్టుకుంటే పెట్రోలు సగం మిగలాలి. ఎందుకు మిగలదు? 2026లో మోటారు పవర్ దాదాపు మూడింతలు పెంచారు, దాంతో ఈ సమస్య తీరినట్టేనా? అసలు ఇదంతా పనికొచ్చే ఇంజినీరింగేనా, లేక కంపెనీల ప్రచారమా?"

మంచి ప్రశ్నలు. నేను ఇరవై ఏళ్లకు పైగా మోటార్లు, ఇన్వర్టర్ల టెస్టింగ్‌లో పనిచేశాను. కొన్నేళ్లు విద్యార్థుల ఎలక్ట్రిక్ రేసు కార్లకు సలహాదారుగానూ ఉన్నాను. ఫార్ములా వన్ గ్యారేజీలో పనిచేసినవాణ్ణి కాదు. కానీ లెక్కలు అక్కడా ఇక్కడా ఒకటే, కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను.

800 కిలోల కారు గంటకు 300 కి.మీ. వేగంతో వస్తోందనుకోండి. దాని గతిశక్తి సుమారు 2.8 మెగాజౌల్స్. కార్నర్ కోసం 80కి తగ్గితే మిగిలేది 0.2. అంటే ఒక్క బ్రేకింగ్‌లో దాదాపు 2.6 మెగాజౌల్స్ ఎక్కడికో పోవాలి. కొంత గాలి నిరోధం తింటుంది, మిగతాది బ్రేక్ డిస్కులు ఎర్రగా కాలేంత వేడిగా మారుతుంది. ఇక్కడిదాకా మీరు అనుకున్నది నిజమే, శక్తికి కొదవ లేదు.

కొదవ సమయానికి. ఆ 300 నుంచి 80కి రావడానికి ఫార్ములా వన్ కారుకు పట్టేది రెండు సెకన్లో, కాస్త ఎక్కువో. బ్రేక్ వేసినప్పుడు చక్రాలు మోటారుని తిప్పుతాయి, అదే ఆ శక్తిని కరెంటుగా మారుస్తుంది. 2014 నుంచి 2025 దాకా వాడిన మోటారు గరిష్ఠ పవర్ 120 కిలోవాట్లు. 120 కిలోవాట్లను రెండు సెకన్లతో గుణిస్తే 0.24 మెగాజౌల్స్. 2.6లో 0.24, అంటే పదో వంతు కూడా కాదు. జోరువానలో చూరు కింద చెంబు పెట్టినట్టన్నమాట. నీళ్లు ధారగా పడుతున్నాయి, కానీ వాన రెండు సెకన్లే, చెంబు మూతి చిన్నది. ఇంజిన్‌కి తోడు మోటారు కూడా ఉండే రేసింగ్ హైబ్రిడ్‌లో నాకు తెలిసిన ప్రతి చిక్కూ, ప్రతి తెలివైన పరిష్కారమూ ఈ చెంబు దగ్గరే మొదలవుతాయి.

"మరి పెద్ద చెంబు పెట్టొచ్చుగా?" అంటారు. పెట్టొచ్చు, కానీ మూడు అడ్డంకులున్నాయి.

మొదటిది బరువు. 2009లో ఫార్ములా వన్‌లోకి తొలిసారి వచ్చిన కెర్స్‌ని, అంటే బ్రేకింగ్ శక్తిని పట్టి మళ్లీ ఇచ్చే వ్యవస్థని చూడండి. 60 కిలోవాట్లు, ల్యాప్‌కి 400 కిలోజౌల్స్, అంటే డ్రైవర్ బటన్ నొక్కితే ఆరున్నర సెకన్ల పైచిలుకు అదనపు తోపు. దానికోసం సుమారు ముప్పై కిలోల సామాను మోయాలి. అప్పట్లో కారు, డ్రైవర్ కలిపి కనీస బరువు 605 కిలోలు. కారును అంతకంటే తేలిగ్గా కట్టి, మిగిలిన బరువును బ్యాలస్ట్‌గా, అంటే బరువు దిమ్మలుగా తమకు కావలసినచోట పెట్టుకోవడం జట్ల పద్ధతి. కెర్స్ పెడితే ఆ స్వేచ్ఛ పోతుంది. పొడుగ్గా, బరువుగా ఉండే డ్రైవర్లకు ఇంకా కష్టం. బీఎండబ్ల్యూ సాబర్‌లో రాబర్ట్ కుబిత్సా ఎక్కువగా అది లేకుండానే నడిపింది ఇందుకే.

ఫెరారీ, మెక్‌లారెన్, రెనో, బీఎండబ్ల్యూ దాన్ని వాడాయి. ఆ ఏడాది చాంపియన్‌షిప్ మాత్రం దాని జోలికే పోని బ్రాన్ జట్టుది. అలాగని కెర్స్ పనికిరాలేదని కాదు. జులైలో హంగేరీలో లూయిస్ హామిల్టన్ గెలిచిన రేసే కెర్స్ కారుకు తొలి విజయం. తర్వాతి నెలలో స్పాలో ఫెరారీ డ్రైవర్ కిమి రైకోనెన్, ప్రమాదం జరిగితే అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు పక్కకు తప్పుకోగానే, కెర్స్ ఊతంతో ఫోర్స్ ఇండియా డ్రైవర్ ఫిసికెల్లాను దాటేశాడు. ఆ రోజు ఫోర్స్ ఇండియా కారే వేగంగా ఉందని చూసినవాళ్లందరికీ తెలుసు. అయినా ఫిసికెల్లా దగ్గరికి రావడం, స్ట్రెయిట్ రాగానే రైకోనెన్ బటన్ నొక్కి దూరం కావడం, చివరిదాకా ఇదే తంతు. ఒక సెకను కూడా లేని తేడాతో ముగిసింది. ల్యాప్ టైమ్‌లో కెర్స్ ఇచ్చింది తక్కువ. ఎదురుపడి పోట్లాడేచోట ఇచ్చింది ఎక్కువ. 2010లో జట్లన్నీ ఖర్చు చూసుకుని దాన్ని పక్కన పెట్టేశాయి, 2011లో చాలా జట్లు మళ్లీ తెచ్చుకున్నాయి.

రెండో అడ్డంకి టైరు. మోటారు చక్రాన్ని ఆపాలంటే టైరుకు రోడ్డు మీద పట్టు ఉండాలి. పవర్‌ని వేగంతో భాగిస్తే బలం వస్తుంది. 350 కిలోవాట్లతో 80 కి.మీ. వేగం దగ్గర ఆపాలనుకుంటే పదిహేను వేల న్యూటన్ల పైమాటే. అది సుమారు 1,600 కిలోల బరువుతో సమానం, కారు బరువుకు రెట్టింపు. వెనక టైర్లకు ఆ వేగంలో అంత పట్టు ఉండదు, చక్రాలు లాక్ అవుతాయి. పైగా బ్రేక్ వేసినప్పుడు కారు ముందుకు ఒరుగుతుంది కదా, భారమంతా ముందు టైర్ల మీదికి పోతుంది. ఫార్ములా వన్‌లో మోటారు ఉన్నదేమో ఇంజిన్ క్రాంక్‌షాఫ్ట్‌కి, అంటే వెనక చక్రాలకు. వాన ముందు చూరు నుంచి పడుతుంటే చెంబు పెరట్లో పెట్టుకున్నట్టుంది ఈ ఏర్పాటు. ఫ్రాన్స్‌లో 24 గంటలపాటు సాగే లె మాన్ రేసు కార్లు దీన్ని ఎలా సరిచేసుకున్నాయో కిందికి వస్తే చెప్తాను.

మూడోది, చాలామంది పట్టించుకోనిది, చెంబు స్వభావం. శక్తిని నిలవ చేసే పాత్రలు రకరకాలు. లిథియం అయాన్ బ్యాటరీ బిందె లాంటిది, కడుపు పెద్దది, మూతి సన్నం. సూపర్ కెపాసిటర్ వెడల్పాటి పళ్లెం, ఎంత ధారైనా పట్టేస్తుంది కానీ లోతు లేదు. తిరిగే చక్రం, అదే ఫ్లైవీల్, మూతి వెడల్పుగానే ఉంటుంది కానీ ఊరికే వదిలేస్తే నెమ్మదిగా కారిపోతుంది. ఇళ్లలో వాడే ఎలక్ట్రిక్ కారు బ్యాటరీ కొన్ని పదుల కిలోవాట్ అవర్లు ఉంటుంది. ఫార్ములా వన్ బ్యాటరీలో నిబంధనల ప్రకారం ఏ క్షణమైనా ఆడించగలిగే శక్తి 4 మెగాజౌల్స్, అంటే సుమారు 1.1 కిలోవాట్ అవర్ మాత్రమే. 2025 దాకా ఇంత చిన్న దాన్నుంచి 120 కిలోవాట్లు లాగాల్సి వచ్చేది, మళ్లీ అంతే వేగంతో నింపాల్సి వచ్చేది, అదీ రేసు మొత్తం, ప్రతి ల్యాప్‌లో అనేకసార్లు. ఫోన్ బ్యాటరీని అరనిమిషంలో ఖాళీ చేసి అరనిమిషంలో నింపడం ఊహించుకోండి. అక్కడ అసలు తలనొప్పి వేడి. బ్యాటరీ సెల్ లోపల జరిగే రసాయన చర్య కంటే, ఆ వేడిని బయటికి లాగే కూలింగ్ గురించే ఇంజినీర్లు ఎక్కువ రాత్రులు మేలుకుంటారు.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. ఒకసారి విద్యార్థుల కారు టెస్టింగ్‌కి తీసుకెళ్లాం. పిల్లలు ఉత్సాహంగా బ్యాటరీని నూటికి నూరు శాతం చార్జ్ చేసి ట్రాక్ మీదికి పంపారు. మొదటి కార్నర్‌లోనే కారు ఆగకుండా కోన్లను తోసుకుంటూ పోయింది. కారణం చాలా చిన్నది. నిండిన బ్యాటరీలోకి ఇంకేమీ పోదు కాబట్టి, మోటారు బ్రేకింగ్‌ని కంట్రోలర్ ఆపేసింది. కాలి కింద పెడల్ అదే, నొక్కుడూ అదే, కానీ ఆపే బలంలో ఒక వంతు మాయమైంది. డ్రైవర్‌కి ఏమీ కాలేదు, పదిహేను నిమిషాలపాటు మాత్రం మా ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. మర్నాటి నుంచి కారును ఎనభై శాతం చార్జ్‌తోనే బయటికి పంపాం.

ఫార్ములా వన్‌లో కూడా ఇదే సమస్య, ఇంకా పెద్ద స్థాయిలో. 2014లో మోటారు పవర్ 60 నుంచి 120 కిలోవాట్లకు పెరిగినప్పుడు, మోటారు ఎప్పుడు ఎంత లాగుతుందో డ్రైవర్ ఊహించి పెడల్ నొక్కడం అసాధ్యమైంది. అందుకే వెనక బ్రేకులకు బ్రేక్-బై-వైర్ అనుమతించారు. డ్రైవర్ నొక్కుడును సెన్సర్ చదువుతుంది, అందులో మోటారు ఎంత చేస్తుందో కంప్యూటర్ లెక్కేస్తుంది, మిగిలింది హైడ్రాలిక్ బ్రేక్‌కి అప్పగిస్తుంది. మోటారు సాయం చేస్తుంది కాబట్టి వెనక డిస్కులు కూడా చిన్నవి చేశారు. ఆ సాయం హఠాత్తుగా ఆగిపోతే ఏమవుతుందో అదే ఏడాది కెనడాలో అందరూ చూశారు. మెర్సిడెస్ కార్లు రెండింటిలోనూ మోటారు వ్యవస్థ వేడెక్కి పనిచేయడం మానేసింది. పవర్ పోవడం ఒక ఎత్తు, వెనక బ్రేకుల మీద పడిన అదనపు భారం ఇంకో ఎత్తు. హామిల్టన్ బ్రేకులు కాలిపోయి రేసు నుంచి తప్పుకున్నాడు. రోస్‌బర్గ్ ఎలాగో లాక్కొచ్చి రెండో స్థానంలో నిలిచాడు. గెలిచింది డేనియల్ రికియార్డో, అది అతని తొలి విజయం.

విచిత్రమేమిటంటే నాలుగేళ్ల తర్వాత మొనాకోలో అదే రికియార్డోకి అదే జబ్బు వచ్చింది. 2018లో ముందంజలో ఉండగా, రేసు సగం కూడా కాకముందే, అతని కారులో మోటారు చచ్చిపోయింది. పావు వంతు పవర్ పోయింది. వెనక బ్రేకులు వేడెక్కకుండా బ్రేక్ బ్యాలెన్స్‌ని, అంటే ముందూ వెనకా బ్రేకుల మధ్య పంపకాన్ని, ముందుకు జరుపుకుంటూ, వెనక ఫెరారీ డ్రైవర్ వెటెల్‌ని పెట్టుకుని గెలిచాడు. దాటడానికి దారే లేని ఇరుకు ట్రాక్ కాబట్టి సరిపోయింది, ఇంకెక్కడైనా అయితే రెండు ల్యాపులు కూడా నిలబడేవాడు కాదు. హైబ్రిడ్ కారులో మోటారు పోవడమంటే పవర్ మాత్రమే పోవడం కాదని ఎవరికైనా చెప్పాలంటే నేను ఈ రెండు రేసులే చూపిస్తాను.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకి వస్తాను. బ్రేకింగ్‌లో దొరికేది ఇంత తక్కువైతే, 2014 తర్వాతి కార్లు అంత శక్తి ఎక్కడ తెచ్చుకున్నాయి? ఆ నిబంధనలు చదివితే ఒక తమాషా కనిపిస్తుంది. వెనక చక్రాలకు ఉన్న మోటారు, అంటే ఎంజీయూ-కె, ల్యాప్‌కి బ్యాటరీలోకి 2 మెగాజౌల్స్ మాత్రమే పంపాలి. కానీ బ్యాటరీ నుంచి 4 తీసుకోవచ్చు. రెండు జమ, నాలుగు ఖర్చు. మిగతా రెండూ ఎవరివ్వాలి?

అక్కడే ఎంజీయూ-హెచ్ వస్తుంది. నా దృష్టిలో రేసింగ్ చరిత్రలో వచ్చిన అత్యంత అందమైన యంత్రాల్లో అదొకటి. ఇంజిన్ నుంచి వెళ్లే వేడి పొగ టర్బైన్‌ని తిప్పుతుంది, టర్బైన్ ఇంజిన్‌లోకి గాలి నెట్టే కంప్రెసర్‌ని తిప్పుతుంది, ఇది మామూలు టర్బో. ఆ రెండింటిని కలిపే ఇరుసుకే ఒక మోటారు తగిలించారు. నిబంధన నిమిషానికి 1,25,000 చుట్ల దాకా అనుమతించింది. ఫుల్ థ్రాటిల్‌లో టర్బైన్‌కి కంప్రెసర్ అవసరానికి మించిన శక్తి వస్తుంది. మామూలు టర్బో కారైతే ఆ అదనాన్ని వేస్ట్‌గేట్ తెరిచి గాల్లోకి వదిలేస్తుంది. ఇక్కడ దాన్ని కరెంటుగా మార్చి, బ్యాటరీతో పని లేకుండానే నేరుగా ఎంజీయూ-కెకి పంపొచ్చు, దానికి పరిమితి లేదు. డ్రైవర్ కాలు తీసినప్పుడు టర్బో నెమ్మదిస్తుంది కదా, మళ్లీ తొక్కే క్షణానికి ఇదే మోటారు బ్యాటరీ కరెంటుతో దాన్ని ముందే తిప్పి సిద్ధంగా ఉంచుతుంది. అంటే టర్బో ల్యాగ్ కూడా పోయింది.

గమనించారా? బ్రేకింగ్ వాన రెండు సెకన్లే కురుస్తుంది. ఎగ్జాస్ట్ మాత్రం స్ట్రెయిట్ పొడుగునా, పది పదిహేను సెకన్లపాటు కురిసే వాన. సమయం తక్కువన్న రోగానికి ఇదే మందు. 2017లో మెర్సిడెస్ తన ఇంజిన్ టెస్ట్ బెంచ్ మీద 50 శాతం థర్మల్ ఎఫిషియెన్సీ దాటిందని, అంటే ఇంధనంలోని శక్తిలో సగానికి పైగా పనిగా మారిందని ప్రకటించింది. పాత వీ8, అంటే ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లు ముప్పై శాతానికి అటూ ఇటూ ఉండేవి. ఇంధనం గంటకు 100 కిలోల ప్రవాహం మించకూడదన్న నిబంధన ఉన్నా, పాత వీ8 కంటే ఎక్కువ పవర్ రావడానికి కారణం ఇదే. బెంచ్ మీద పనిచేసిన మనిషిగా చెప్తున్నాను, ఆ 50 అనే అంకె విన్నరోజు మా ల్యాబ్‌లో ఎవరూ మొదట నమ్మలేదు.

హోండా 2015లో తిరిగి వచ్చినప్పుడు దెబ్బ తిన్నది కూడా ప్రధానంగా ఇక్కడే. 'వీ' ఆకారపు ఇంజిన్ మధ్యలో ఇరికించిన చిన్న టర్బో, దానితోపాటు శక్తిని తక్కువగా పట్టుకోవడం. స్ట్రెయిట్ సగంలోనే ఎలక్ట్రిక్ సాయం అయిపోయేది, మిగతా కార్లు చకచకా దాటిపోయేవి. సుజుకాలో, హోండా సొంత గడ్డ మీద, ఆ ఇంజిన్‌తో నడుపుతున్న ఫెర్నాండో అలోన్సో రేడియోలో "జీపీ2 ఇంజిన్" (కింది తరగతి రేసుల ఇంజిన్) అని అరిచింది ఆ బాధతోనే. ఆరేళ్ల తర్వాత, 2021లో వెర్‌స్టాపెన్ టైటిల్ గెలిచింది హోండా ఇంజిన్‌తోనే అన్నది వేరే కథ.

ఇక లె మాన్. హైబ్రిడ్‌కి అసలైన ప్రయోగశాల అదేనని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే అక్కడ ఎవరి చెంబు వాళ్లు తెచ్చుకోనిచ్చారు. ఆడీ ఆర్18 ఫ్లైవీల్ తెచ్చింది. డ్రైవర్ పక్కనే కూర్చుని తిరిగే కార్బన్ ఫైబర్ చక్రం, ముందు చక్రాల మోటారు దాన్ని తిప్పుతుంది, అదే శక్తిని తిరిగి తీసుకుంటుంది. 2012లో హైబ్రిడ్ కారు లె మాన్ గెలవడం అదే మొదలు. ఆ ఫ్లైవీల్ పుట్టింది విలియమ్స్ ఫార్ములా వన్ జట్టు కోసమే. అక్కడ ఒక్క రేసులోనూ దిగలేదు, ఇక్కడ చరిత్ర సృష్టించింది. టొయోటా సూపర్ కెపాసిటర్ తెచ్చింది, 2016 నుంచి బ్యాటరీకి మారింది. పోర్షే 919 మొదటి నుంచీ బ్యాటరీనే నమ్మింది. రెండు లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, ముందు ఇరుసుకు మోటారు, ఎగ్జాస్ట్‌లో వేరే టర్బైన్ జనరేటర్. 2015, 2016, 2017 మూడేళ్లూ అదే గెలిచింది.

ముందు ఇరుసు అన్నది ఇక్కడ గమనించాల్సిన మాట. బ్రేకింగ్ భారమంతా పడేది అక్కడే కాబట్టి మోటారు అక్కడ పెడితే పట్టుకునేదీ ఎక్కువే. పైగా లె మాన్‌కి 2014 నిబంధనలు రాసినవాళ్లు బుర్ర పెట్టారు. ల్యాప్‌కి 2, 4, 6, 8 మెగాజౌల్స్ అని నాలుగు తరగతులు పెట్టి, ఎంత ఎక్కువ హైబ్రిడ్ శక్తి కావాలంటే అంత తక్కువ ఇంధనం అన్నారు. ఎవరికి ఏది లాభమో వాళ్లే లెక్క వేసుకోవాలి. పద్నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ ల్యాప్, పొడవాటి స్ట్రెయిట్లు, వాటి చివర గట్టి బ్రేకింగ్. అంతకంటే మంచి ట్రాక్ హైబ్రిడ్‌కి దొరకదు. కానీ ఖర్చు ఆకాశాన్నంటింది, ఆడీ 2016 చివర, పోర్షే 2017 చివర వెళ్లిపోయాయి. లె మాన్‌లో ఇప్పుడు నడిచే ఎల్‌ఎండీహెచ్ తరగతి కార్లలో అందరికీ ఒకటే మోటారు, ఒకటే బ్యాటరీ, 50 కిలోవాట్లు. ఆటగా బావుంది, ఇంజినీరింగ్‌గా చప్పగా ఉంది.

ఇతర రేసుల గురించి క్లుప్తంగా. అమెరికాలోని ఇండీకార్ 2024 మధ్యలో సూపర్ కెపాసిటర్‌తో హైబ్రిడ్ మొదలుపెట్టింది. కోడిగుడ్డు ఆకారపు ఓవల్ ట్రాక్‌లో బ్రేకులే సరిగా వేయరు కాబట్టి అక్కడ డ్రైవర్ ప్యాడిల్ లాగి మరీ చార్జ్ చేసుకోవాలి, ఎప్పుడు చేసుకోవాలన్నదే ఆట. వరల్డ్ ర్యాలీలో 2022లో 100 కిలోవాట్ల యూనిట్ తెచ్చి, ఖర్చు భరించలేక 2025కి తీసేశారు. పూర్తిగా ఎలక్ట్రిక్ కార్ల రేసైన ఫార్ములా ఇ మాత్రం ప్రత్యేకంగా చూడాలి. మూడో తరం కార్లో ముందూ వెనకా మోటార్లు కలిసి 600 కిలోవాట్ల దాకా వెనక్కి పట్టగలవు. మామూలు వాడకానికి వెనక హైడ్రాలిక్ బ్రేకులే లేవు. రేసులో వాడే శక్తిలో దాదాపు 40 శాతం బ్రేకింగ్ నుంచే వస్తుందని నిర్వాహకుల లెక్క. మీరు ఊహించుకున్న "సగం మిగలాలి" అన్నదానికి దగ్గరగా వచ్చింది ఇదొక్కటే. ఎలా? చెంబు పెద్దది, పెట్టింది సరైన చూరు కింద, పైగా ట్రాకులన్నీ మెలికలే.

ఇప్పుడు 2026. ఎంజీయూ-హెచ్ తీసేశారు. ఖరీదు, సంక్లిష్టత, కొత్త కంపెనీలు భయపడటం, ఇవీ కారణాలు. ఎంజీయూ-కెని 350 కిలోవాట్లకు పెంచారు. ఇంజిన్ వాటా సుమారు 400కి తగ్గింది. ల్యాప్‌కి పట్టుకోగల శక్తి పరిమితి ఎనిమిదిన్నర మెగాజౌల్స్ ప్రాంతంలో పెట్టారు, ట్రాక్‌ని బట్టి మారుతుంది. కాగితం మీద అద్భుతం. లెక్క చూడండి. 350 కిలోవాట్లతో 8.5 మెగాజౌల్స్ పట్టాలంటే 24 సెకన్లపాటు ఆపకుండా పూర్తి బలంతో బ్రేక్ వేయాలి. ల్యాప్‌కి అంత బ్రేకింగ్ ఉన్న ట్రాకులు అరుదు. ఉన్నా, పైన చెప్పినట్టు తక్కువ వేగాల్లో వెనక టైర్లు 350ని మోయలేవు. స్ట్రెయిట్‌లో ధారగా కురిసే ఎగ్జాస్ట్ వాననేమో మనమే మూసేసుకున్నాం.

అందుకని మిగతాది ఎక్కడి నుంచి తేవాలి? ఇంజిన్‌తోనే తేవాలి. కార్నర్ మధ్యలో డ్రైవర్‌కి పూర్తి పవర్ అక్కర్లేనప్పుడు ఇంజిన్ మాత్రం గట్టిగా తిరుగుతూ మోటారుని జనరేటర్‌గా తిప్పుతుంది. స్ట్రెయిట్ చివర ఫుల్ థ్రాటిల్‌లో ఉండగానే మోటారు తోయడం మానేసి చార్జ్ చేయడం మొదలుపెడుతుంది. లేదంటే డ్రైవర్ బ్రేక్ పాయింట్‌కి ముందే కాలు తీసి కారును జారనిస్తాడు. ఇవన్నీ తెలివైన పనులే, కాదనను. కానీ ఇంధనాన్ని కాల్చి కరెంటు చేసి మళ్లీ చక్రానికి ఇవ్వడాన్ని రికవరీ అనడం నాకు ఒప్పదు. అది అప్పు తెచ్చి ఆదాయంగా రాసుకోవడం. కాబట్టి మూడింతల మోటారుతో సమస్య తీరిందా అంటే, తీరలేదు, చోటు మారింది. ముందు ఇరుసుకు కూడా మోటారు పెట్టి ఉంటే ఈ తిప్పలో చాలా భాగం తప్పేది. ఫోర్ వీల్ డ్రైవ్ లాభం కలిసొస్తుందని కొందరు భయపడ్డారు. బ్రేకింగ్‌కి మాత్రమే వాడాలని ఒక్క వాక్యం రాస్తే పోయేదని నా అభిప్రాయం.

పట్టుకున్నదాన్ని ఎక్కడ ఖర్చు చేయాలన్నది ఇంకో పెద్ద విద్య. చాలామంది స్ట్రెయిట్ చివర, గరిష్ఠ వేగం కోసం వాడతారని అనుకుంటారు. కాదు. అదే 120 కిలోవాట్లు 100 కి.మీ. వేగంలో ఇచ్చే తోపు, 300 దగ్గర ఇచ్చేదానికి మూడింతలు. పైగా మొదట్లో సంపాదించిన వేగం స్ట్రెయిట్ మొత్తం మీతోనే వస్తుంది. అందుకే కార్నర్ దాటి, టైరు జారడం మానేసిన క్షణం నుంచే ఖర్చు పెడతారు, చివర్లో ఆపేస్తారు. టీవీలో స్ట్రెయిట్ చివర ఇంజిన్ గొంతు కాస్త పడిపోయినట్టు, వేగం అంకె కదలనట్టు కనిపిస్తే అదే. దాన్నే క్లిప్పింగ్ అంటారు. రేసులో ఎవరు ముందు నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో అయితే నిండు బ్యాటరీతో ల్యాప్ మొదలుపెట్టి ఖాళీతో ముగిస్తారు. రేసులో ఆ పని ప్రతి ల్యాప్ చేయలేరు, జమాఖర్చులు సరిపోవాలి. అందుకే ఒకే కారు క్వాలిఫయింగ్‌లో పులి, రేసులో పిల్లి కావచ్చు.

ప్రచారమా, పనికొచ్చేదా అన్నదానికి నా సమాధానం రెండూ. బ్రేకింగ్ శక్తిని పట్టుకోవడం రేసింగ్ కనిపెట్టలేదు, 1997లోనే టొయోటా ప్రియస్ చేసింది. ఈ విషయంలో రోడ్డు నుంచే ట్రాక్‌కి వచ్చింది. ట్రాక్ నుంచి రోడ్డుకు వెళ్లింది వేరే సరుకు, తక్కువ బరువులో ఎక్కువ పవర్ ఇమడ్చడం. 919లో వాడిన 800 వోల్టుల వ్యవస్థే టైకాన్ ఎలక్ట్రిక్ కారుకి దారి వేసిందని పోర్షే చెప్పుకుంటుంది, అందులో అతిశయోక్తి లేదు. ఎంజీయూ-హెచ్‌ని ఫార్ములా వన్ పారేసింది కానీ, టర్బో ఇరుసుకు మోటారు తగిలించే ఆలోచన మెర్సిడెస్-ఏఎంజీ, పోర్షే 911 రోడ్డు కార్లలో బతికే ఉంది. విలియమ్స్ ఫ్లైవీల్ అయితే లండన్ సిటీ బస్సుల దాకా వెళ్లింది. ఆలోచిస్తే సబబే, రోజంతా ఆగి కదిలే బండికంటే దానికి మంచి ఇల్లు ఏముంటుంది?

భద్రత గురించి మీరు అడగలేదు, అయినా చెప్తాను. 2008లో స్పెయిన్‌లోని హెరెజ్‌లో టెస్టింగ్ జరుగుతుంటే కెర్స్ ఉన్న కారును ముట్టుకున్న బీఎండబ్ల్యూ మెకానిక్‌కి షాక్ కొట్టింది. అప్పటి నుంచి కారు మీద సురక్షితమా కాదా చెప్పే లైటు, ట్రాక్ పక్కన ఉండే సిబ్బందికి (మార్షల్స్) ఇన్సులేటెడ్ గ్లోవ్స్ వచ్చాయి. కారులో లోపం ఉందన్న అనుమానం వస్తే డ్రైవర్ కాక్‌పిట్ మీదెక్కి ఒక్కసారిగా దూకేస్తాడు. ఒక కాలు కారు మీద, ఇంకో కాలు నేల మీద ఉండకూడదు, అంతే సూత్రం. మీరు విద్యార్థుల జట్టులో ఎలక్ట్రిక్ కారు మీద పనిచేయాలనుకుంటే మొదట నేర్చుకోవాల్సింది ఇదే, మోటారు టార్క్ లెక్కలు తర్వాత.

ఈసారి రేసు చూసేటప్పుడు ఒక పని చేయండి. కారు వెనక ఎర్ర లైటు మీద కన్నేసి ఉంచండి. వాన లేని రోజున కూడా అది స్ట్రెయిట్ చివర, బ్రేక్ పాయింట్ రాకముందే మినుకుమినుకుమంటే, ఆ కారు తోయడం ఆపి చార్జ్ చేసుకుంటోందని అర్థం. ఎవరి లైటు ఎంత ముందు వెలుగుతోందో నాలుగు ల్యాపులు గమనిస్తే, ఎవరి చెంబులో ఎన్ని నీళ్లున్నాయో కామెంటేటర్ చెప్పకముందే మీకు తెలిసిపోతుంది.